ట్యూబులో లేని మనిషి

శంషాబాద్ విమానాశ్రయంలో పరదేశాల నుంచి దిగినవాళ్లకు కరోనా పరీక్షలు చేసిన రోజుల్లో, వరుసలో నిలబడ్డవాళ్లు ఎలాగోలా మూడో కౌంటరులో పడాలని చూసేవారు. అక్కడ రాఘవేందర్ ఉండేవాడు. నిలువెల్లా తెల్లటి కిట్టు, ముఖానికి ప్లాస్టిక్ షీల్డు, చేతులకు గ్లవ్స్. లోపలి మనిషి ఎలా ఉంటాడో ఎవరికీ తెలియదు. బయటికి వచ్చేది గొంతు ఒక్కటే. ఆ గొంతు మాత్రం పసిపిల్లను జోకొట్టే తల్లి గొంతులా మెత్తగా ఉండేది.

"సార్, జర తల వెనకకు వంచుండ్రి. కండ్లు మూసుకోండ్రి. మీ ఊర్ల పొద్దుగాల గాలి ఎట్లుంటదో యాద్ చేసుకోండ్రి. గంతే. నొప్పి అసలే ఉండదు. దోమ కుట్టినంత గూడ ఉండదు."

ఆ మాటలు నడుస్తుండగానే దూది చుట్టిన సన్నటి పుల్ల ముక్కులోకి వెళ్లి, ఓ చుట్టు తిరిగి, బయటికొచ్చి, గులాబీరంగు మందున్న చిన్న ట్యూబులో పడేది. ప్రయాణికుడు కళ్లు తుడుచుకుంటూ "నొప్పి లేదన్నావు కదయ్యా" అనేలోపు రాఘవేందర్ తర్వాతి మనిషితో పొద్దుటి గాలి గురించి మాట్లాడుతూ ఉండేవాడు.

అతనిది మహేశ్వరం దగ్గర ఒక పల్లె. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, బడంగ్‌పేట్‌లో ఓ చిన్న ల్యాబులో రక్తాలు తీసేవాడు. విమానాశ్రయంలో పరీక్షల కాంట్రాక్టు దక్కించుకున్న కంపెనీ మనుషుల కోసం వెతుకుతుంటే అందులో చేరాడు. తండ్రి ఈశ్వరయ్య రైతు. మూడు వైపులా పొలాలు ప్లాట్లయిపోయినా, మధ్యలో మిగిలిన తన చెలకలో టమాట, కొత్తిమీర వేస్తూనే ఉన్నాడు. దిగబోయే విమానాలు సరిగ్గా ఆ చెలక మీదుగానే వెళ్తాయి. కొడుకుకి ఈ ఉద్యోగం వచ్చిన రోజు నుంచి ఈశ్వరయ్య ప్రతి విమానాన్నీ తన దగ్గరి పనోణ్ణి చూసినట్టు చూడటం మొదలుపెట్టాడు. ఊళ్లో హోటల్ దగ్గర చాయ్ తాగుతూ పైకి చెయ్యి చూపించి, "గా ఇమానంల ఎంత పెద్దోడన్న ఉండనీ, మావోడు ముక్కుల పుల్ల పెట్టందే బయటికి రాలేడు" అని చెప్పేవాడు.

పెద్దవాళ్లు చిన్నవాళ్లయిపోయే చోటది. సూటూ బూటూ వేసుకున్నవాళ్లు పుల్ల చూడగానే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేవారు. ఒకాయన తనకు కుడి ముక్కు పుట్టుకతోనే వంకర అనీ, ఎడమ ముక్కు సున్నితమనీ చెప్పి, ఇంకో దారేమైనా ఉందా అని అడిగాడు. ఇంకొకాయన భార్యను ముందు కూర్చోబెట్టి, ఆమె ముఖంలో రంగులన్నీ గమనించి, తనకు అర్జెంటుగా ఫోన్ వచ్చిందని వరుస చివరికి వెళ్లిపోయాడు. రాఘవేందర్ ఎవరినీ విసుక్కోలేదు. అతనికి వాళ్ల భయం అర్థమయ్యేది. అర్థమైనంతగా ఇంకెవరికీ అయ్యేది కాదని చెప్పాలి.

ఎందుకంటే ఆ మొత్తం హాలులో ముక్కులో పుల్ల అంటే అందరికన్నా ఎక్కువ భయపడే మనిషి అతనే.

ఆ భయానికి కారణం ఒక శనగ గింజ. చిన్నప్పుడు ఏదో ఆటలో ముక్కులో పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. అది లోపల నాని, ఉబ్బి, ముక్కు వంకాయలా తయారయ్యాక తల్లి పోచమ్మ చూసింది. ఊళ్లో సూదులు వేసే ఆయన ఇనుప చిమ్టా తీసుకొచ్చాడు. ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు కలిసి కాళ్లూ చేతులూ పట్టుకున్నారు. గింజ బయటికొచ్చింది. మొలకెత్తిందని ఈశ్వరయ్య ఇప్పటికీ అంటాడు. అప్పటి నుంచి రాఘవేందర్ ముక్కు జోలికి ఎవరూ వెళ్లలేదు. జలుబు చేసినా మందుచుక్కలు వేయించుకోడు. అలాంటివాణ్ణి తీసుకొచ్చి దేవుడు రోజంతా ఇతరుల ముక్కుల ముందు నిలబెట్టాడు.

అక్కడిదాకా బాగానే ఉండేది. అయితే పరీక్షలు చేసే సిబ్బంది కూడా వారానికోసారి పరీక్ష చేయించుకోవాలని కంపెనీ నియమం. మొదటి వారం రాఘవేందర్ కడుపునొప్పి అని సెలవు పెట్టాడు. తర్వాతి వారం మేనత్త కూతురి పెళ్లి అన్నాడు. ఆపైన కొత్త ఉపాయం దొరికింది. "నాది నేనే తీసుకుంట, మీకెందుకు తిప్పలు" అంటూ ట్యూబు పట్టుకుని గోడవైపు తిరిగేవాడు. పుల్లను ముక్కు అంచుకి అలా చూపించి ట్యూబులో వేసేవాడు. ప్రతిసారీ నెగెటివే. ధైర్యం పెరిగింది. కొన్నాళ్లకి ముక్కుకి చూపించడం కూడా మానేసి, కవరు చింపిన పుల్లను నేరుగా ట్యూబులో ముంచేయసాగాడు.

ఒకరోజు సూపర్‌వైజరు హరిప్రసాద్ చెవికో ఫోను పెట్టుకుని వచ్చాడు. రెండు ఫోన్లు లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు.

"రాఘవేందర్, ల్యాబు నుంచి ఫోనొచ్చింది. నీ ట్యూబుల మనిషే లేడట."

"అంటే సార్?"

"కరోనా ఉన్నా లేకున్నా ట్యూబుల మనిషి ఆనవాలు ఉండాలె గదా. మిషన్ల ముందు అదే చూస్తరు. నీ దాంట్ల ఏం లేదట. ఉట్టి మందే ఉన్నదట."

"ఎండకు ఖరాబై ఉంటది సార్" అన్నాడు రాఘవేందర్.

"ఏసీల ఎండ ఏడికెల్లి వచ్చె?" అన్నాడు హరిప్రసాద్. ఇంతలో రెండో ఫోను మోగింది. దానితో మాట్లాడుతూ వెళ్లిపోయాడు. ఆ సంగతి అక్కడితో మరుగున పడింది.

మరిచిపోనిది నాలుగో కౌంటరులోని అనుపమ ఒక్కతే. ఆమెది తెనాలి దగ్గర ఊరు. మాట మర్యాదగా ఉండేది, చూపు మాత్రం కత్తిలా ఉండేది.

"రాఘవేందర్ గారూ, ఈ వారం మీ శాంపిల్ నేను తీస్తానండీ."

"వద్దు మేడం, నేను తీసుకుంట."

"ఏమండీ, నా చెయ్యి బాగోదా?"

"మీ చెయ్యి మంచిగనే ఉంటది మేడం. నా ముక్కే మంచిగలేదు."

ఆ రోజు నుంచి అతను గోడవైపు తిరిగినప్పుడల్లా వీపు మీద ఆమె చూపు తగులుతున్నట్టే ఉండేది.

ఆ చలికాలంలో కొత్త రకం కరోనా వచ్చిందన్న గొడవ మొదలైంది. కొన్ని దేశాల నుంచి వచ్చినవాళ్లు పరీక్ష ఫలితం వచ్చేదాకా విమానాశ్రయం దాటడానికి లేదు. ఆ రోజుల్లోనే ఓ పొద్దున సింగపూర్ విమానం దిగింది. మూడో కౌంటరు ముందుకు అమృతమ్మ వచ్చి కూర్చుంది.

అరవై దాటిన మనిషి. చీర మీద స్వెట్టరు, కాళ్లకు పరుగుపందెం వాళ్లు వేసుకునే బూట్లు. ఊరు కందుకూరు. కూతురి పురుడుకని సింగపూర్ వెళ్లి, బిడ్డకు మెడ నిలబడగానే వచ్చేద్దామనుకుంది. కరోనాతో విమానాలు ఆగిపోయి, ఆ బిడ్డ నడిచి, మాటలు నేర్చి, "అమ్మమ్మా, నువ్వు ఎప్పుడు పోతావు" అని అడిగేదాకా అక్కడే ఉండిపోయింది.

రాఘవేందర్ తన ధోరణిలో మొదలుపెట్టాడు. తల వంచమన్నాడు, కళ్లు మూసుకోమన్నాడు, ఊరి పొద్దుటి గాలి తలుచుకోమన్నాడు. అమృతమ్మ తల వంచలేదు, కళ్లూ మూసుకోలేదు.

"నొప్పి ఉండదా?" అని అడిగింది.

"అసలే ఉండదమ్మా."

"దోమ కుట్టినంత గూడ ఉండదా?"

"గంత గూడ ఉండదు."

"అబద్ధాలాడకు బిడ్డా. సింగపూర్ల నాకు ఎన్నిసార్లు పెట్టిండ్రో లెక్కలేదు. పెట్టినప్పుడల్ల మెదడు దాక పోయొచ్చినట్టైతది. నొప్పి లేదంటున్నవు గదా, నువ్వెన్నిసార్లు చేయించుకున్నవ్?"

రాఘవేందర్‌కి అబద్ధం ముందే తయారుచేసుకుంటే చెప్పడం వచ్చు. ఎదురుగా అడిగితే రాదు.

"మేము ప్రతి వారం చేయించుకోవాలె అమ్మా" అన్నాడు.

"చేయించుకోవాలె అన్నవ్. చేయించుకున్న అనలే."

వెనక వరుసలో ఎవరో నవ్వారు. నాలుగో కౌంటరులో అనుపమ చేతిలో పని ఆపి తలెత్తింది.

"ఇగ ఇట్ల చెయ్యి. ముందు నువ్వు చేయించుకో. నీ మొఖం చూసి నేను చేయించుకుంట."

"అట్ల కుదరదమ్మా, మీ వెనక మస్తు మంది ఉన్నరు."

"ఉండనీ. నాకేం తొందర లేదు. కందుకూరు ఏడికి పోదు." అమృతమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని సర్దుకుని కూర్చుంది.

హరిప్రసాద్ వచ్చాడు. బతిమాలాడు, నియమాలు చెప్పాడు, పోలీసుల పేరెత్తాడు. పోలీసుల మాట వినగానే ఆమె, వాళ్లకు కూడా పరీక్ష చేశారా అని అడిగింది. వరుసలో చికాకు పెరిగింది. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకాయన ముందుకు వంగి, "బ్రదర్, చేయించేసుకోండి. మీ వల్ల అందరం ఆగిపోయాం" అన్నాడు. అంతవరకూ అమృతమ్మ మీదున్న కోపమంతా ఆ మాటతో రాఘవేందర్ మీదికి మళ్లింది. హరిప్రసాద్‌కి కూడా అదే దగ్గరి దారిగా కనిపించింది.

"నిమిషం పని. చేయించుకోరాదూ?"

ఆ మాట పూర్తి కాకముందే అనుపమ కొత్త పుల్ల, కొత్త ట్యూబు పట్టుకుని వచ్చి నిలబడింది. ఈ రోజు కోసమే ఆమె ఇన్నాళ్లూ ఉద్యోగం చేస్తున్నట్టు అనిపించింది రాఘవేందర్‌కి.

పక్కనే సిబ్బంది కోసం ఓ గాజు గది ఉంది. అక్కడికి తీసుకెళ్లారు. అమృతమ్మ కూడా వెంట వచ్చింది. బయట నిలబడమంటే, "గాజు అవతల మీరేం చేస్తరో నాకేం కనవడ్తది" అని లోపలికే వచ్చేసింది. రాఘవేందర్ షీల్డు తీశాడు. మాస్కు దించాడు. అతను కూర్చున్నది చక్రాల కుర్చీ. అనుపమ ఒక అడుగు ముందుకు వేస్తే కుర్చీ ఒక అడుగు వెనక్కి వెళ్లింది. ఆమె ఇంకో అడుగు వేసింది. కుర్చీ గోడకు తగిలి పక్కకు తిరిగింది. అమృతమ్మ వెళ్లి కుర్చీ వీపు పట్టుకుని, ఒక అరచెయ్యి అతని నుదుటి మీద ఆనించింది.

"కండ్లు మూస్కో బిడ్డా. మీ ఊర్ల పొద్దుగాల గాలి ఎట్లుంటదో యాద్ చేసుకో."

అతను కళ్లు మూసుకున్నాడు. ఊరూ గుర్తు రాలేదు, గాలీ గుర్తు రాలేదు. ముక్కు లోపల ఎక్కడో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది. "అవ్వా" అని తల్లిని తలుచుకుంటూ ఒక్క కేక పెట్టాడు. తర్వాత వరుసగా తుమ్ములు. బయట వరుసలో జనం గాజుకు దగ్గరగా వచ్చి చూస్తున్నారు. ఎర్ర టోపీ ఆయన చప్పట్లు కొట్టాడు.

"అయిపోయిందండీ" అంది అనుపమ. ట్యూబును వెలుతురుకి ఎత్తి చూస్తూ, "ఈసారి మనిషి ఉన్నాడు" అని కూడా అంది.

అమృతమ్మ మాట తప్పలేదు. వెళ్లి మూడో కౌంటరు ముందు కూర్చుని తల వెనక్కి వంచింది. కళ్ల నీళ్లు కారుతుండగానే రాఘవేందర్ ఆమె శాంపిల్ తీశాడు. ఆమె రెప్ప కూడా వాల్చలేదు. ఆపైన వచ్చినవాళ్లెవరూ నొప్పి గురించి అడగలేదు, అతనూ పొద్దుటి గాలి గురించి చెప్పలేదు. పని చకచకా సాగింది.

మధ్యాహ్నానికి ఫలితాలు వచ్చాయి. ప్రయాణికులంతా బయట కుర్చీల్లో కునికిపాట్లు పడుతున్నారు. హరిప్రసాద్ ఫోనులో చూసుకుంటూ వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"అందరు నెగెటివ్. ఒక్కరికే పాజిటివ్ వచ్చింది. రాఘవేందర్ ఎవరండీ? ఇక్కడ రాఘవేందర్ అనే ప్యాసింజరు ఎవరు?"

ఎవరూ లేవలేదు. ఒకరినొకరు చూసుకుని కుర్చీలు జరుపుకున్నారు. హరిప్రసాద్ మళ్లీ గట్టిగా పిలిచాడు. అప్పుడు మూడో కౌంటరు నుంచి జవాబొచ్చింది.

"ఏంది సార్, పిలిచిండ్రా?"

"నిన్ను కాదయ్యా, ప్యాసింజరు రాఘవేందర్‌ని" అని హరిప్రసాద్ ఫోనులోకి ఇంకోసారి చూశాడు. మూడో కౌంటరు వైపు చూశాడు. మళ్లీ ఫోను చూశాడు. తర్వాత నాలుగు అడుగులు వెనక్కి వేశాడు.

హాలంతా లేచి నిలబడింది. పరీక్ష చేసినవాడికే కరోనా అంటే తమ సంగతేమిటని అందరూ ఒకేసారి అడగసాగారు. ఒకాయన తన శాంపిల్ తనకు తిరిగి ఇచ్చేయమన్నాడు. అతను కిట్టులో ఉన్నాడనీ, ఎవరికీ భయం లేదనీ అనుపమ ఒక్కొక్కరికీ నచ్చజెప్పింది. అమృతమ్మ మాత్రం కాసేపు ఎన్నికల్లో గెలిచినట్టు తిరిగింది. "నేను అడిగిన గనుక బయటవడ్డది. లేకుంటే ఎవలకు తెలుస్తుండె?" అని కుర్చీ కుర్చీకీ వెళ్లి చెప్పింది. ఎర్ర టోపీ ఆయన అంతా విని, "అయితే గాజు గదిలో ఆయన తుమ్ముతుంటే తల పట్టుకుంది మీరే కదమ్మా" అన్నాడు. అప్పుడు ఆమె మాట్లాడటం ఆపి తన కుర్చీలోకి వెళ్లి కూర్చుంది.

రాఘవేందర్‌ని గాజు గదిలోనే ఉంచారు. జ్వరం లేదు, దగ్గు లేదు. ముక్కు కూడా ఇప్పుడు బాగానే ఉంది. అప్పుడు ఇల్లు గుర్తొచ్చింది. పొద్దున బయల్దేరే ముందు తల్లి తన కంచంలోదే ఒక ముద్ద కలిపి తినిపించింది. ఆమెకు ఉబ్బసం. అనుపమ గాజు అవతల నుంచి అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి ఉండి ఉంటుందండీ?"

"ఎర్కలేదు మేడం" అన్నాడు. నిన్నటి నుంచో, పోయిన వారం నుంచో, చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. ఆ ఆధారం ఉండాల్సిన ట్యూబుల్లో అతను లేడు. తల దించుకుని, "ఎప్పుడూ పెట్టుకోలే మేడం, ఉట్టిగనే ముంచిన" అన్నాడు. అనుపమ తిట్టలేదు. "నాకు తెలుసండీ. ముందు ఇంటికి ఫోన్ చెయ్యండి" అంది. తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

అంబులెన్సు సైరన్ మోగించుకుంటూ ఊళ్లోకి వచ్చింది. ఈశ్వరయ్య అప్పుడు హోటల్ దగ్గరే ఉన్నాడు. కొడుకును ఇంట్లోకి రానివ్వకుండా చెలకలో బోరు మోటారు గదిలో మంచం వేయించాడు. పక్కింటివాళ్లు మూతులకు కొంగులు చుట్టుకుని దూరం నుంచి చూశారు. అందులో ఒకాయన, "ఈశ్వరయ్యా, మీవోనికి ఎవలు పెట్టిండ్రే పుల్ల?" అని అడిగాడు. ఆ రోజు తలమీద విమానం వెళ్తుంటే ఈశ్వరయ్య పైకి చూడలేదు.

మరునాడు ఓ కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది.

"నేను అమృతమ్మను. దగ్గు వస్తుందా?"

"లేదమ్మా. నా నంబరు ఎవలిచ్చిండ్రు?"

"గా రెండు ఫోన్లాయన ఇచ్చిండు. జరం?"

"లేదు."

"అయితే నాకు గూడ రాదు" అని పెట్టేసింది.

ఆమె కూడా కందుకూరులో ఇల్లు కదలకుండా వారం ఉండాలి. తనకు వస్తే అతని నుంచే రావాలి కాబట్టి, అతని ఒంట్లో ఏం జరుగుతోందో ముందుగా తెలుసుకుంటే మంచిదని ఆమె లెక్క. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఫోన్ చేసేది. మూడో రోజు అతనికి గొంతు గరగరలాడుతోందంటే, ఆమె వెంటనే మిరియాల కషాయం కాచుకుని తాగింది. "నేను తాగిన, నువ్వు గూడ తాగు" అంది. అతనికి ఒళ్లు నొప్పులంటే ఆమె ముందే మంచమెక్కి పడుకుంది. కానీ ఆమెకు ఏమీ రాలేదు. నొప్పులు లేకుండా ఊరికే పడుకోలేక లేచి, అతనికేం వండిపెడుతున్నారో అడగడం మొదలుపెట్టింది. తండ్రి చేతి పప్పుచారులో ఉప్పు లేదంటే, "మీ బాపుకు ఫోనియ్యి" అంది. ఫోను అటు ఇవ్వడానికి వీల్లేదు కాబట్టి రాఘవేందర్ స్పీకరు పెట్టి కిటికీలో ఉంచాడు. ఉప్పు ఎంత వేయాలో ఈశ్వరయ్య గట్టు మీద నిలబడి విన్నాడు.

పోచమ్మకు పరీక్ష చేయడానికి ఊరి ఆశా వర్కరు నర్సును తీసుకుని వచ్చింది. పోచమ్మ నోరెత్తకుండా చేయించుకుంది. ఈశ్వరయ్య మాత్రం నర్సు సంచి తెరవగానే టమాట సాళ్లలోకి నడిచాడు. పిలిస్తే నడక పెంచాడు. రాఘవేందర్ కిటికీ ఊచలు పట్టుకుని చూశాడు. ఆ నడక అతనికి బాగా తెలిసినట్టే ఉంది.

"బాపూ, జర ఆగు."

"నాకేం లేదు. నేను మంచిగున్న."

"నేను గూడ మంచిగనే ఉంటి గదా."

ఈశ్వరయ్య ఒక కర్ర పాతినచోట ఆగి, అటే తిరిగి అడిగాడు. "నొప్పి ఉంటదా?"

నోటి దాకా దోమ వచ్చింది. రాఘవేందర్ దాన్ని మింగేశాడు.

"ఉంటది బాపూ. మస్తు మంటైతది. కండ్లల్ల నీళ్లొస్తయ్. నేనైతే ఒర్రిన. కని జల్ది అయిపోతది."

ఈశ్వరయ్య ఓ టమాట తెంపి, చూసి, జేబులో వేసుకుని వెనక్కి వచ్చాడు. "గట్ల చెప్పాలె. ఏం గాదు, ఏం గాదు అంటేనే నాకు గుబులైతది" అని గట్టు మీద కూర్చుని ముక్కు ఇచ్చాడు. అతనూ అరిచాడు. దూరంగా మేస్తున్న మేకలు తలలెత్తాయి.

ఇద్దరికీ లేదని మర్నాడు సాయంత్రం తెలిసింది. కబురు వినేసరికి రాఘవేందర్ మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. అమృతమ్మ ఫోన్ చేస్తే, "మా అవ్వకు లేదంట" అని ఒక్క మాట చెప్పగలిగాడు. ఆమె ఆ రోజు జ్వరం గురించి అడగలేదు.

తిరిగి పనిలో చేరాక అతని ఉపన్యాసం మారింది. "మంటుంటది సార్, కొద్దిసేపు. కుర్చీ పట్టుకోండ్రి" అని చెప్పేవాడు. కొందరు నిజం చెప్పినందుకు థాంక్స్ అన్నారు. కొందరు లేచి వరుస చివరికి వెళ్లిపోయారు. మూడో కౌంటరు దగ్గర పని నెమ్మదించిందని హరిప్రసాద్ మొత్తుకున్నాడు. వారానికోసారి అనుపమ చక్రాలు లేని కుర్చీ వెతికి తెచ్చేది. అతని కేక వినపడితే సిబ్బంది అంతా ఇవాళ గురువారమని గుర్తుపట్టేవారు.

ఉగాది లోపల ఓ ఆదివారం అమృతమ్మ రాఘవేందర్‌నీ ఈశ్వరయ్యనీ భోజనానికి పిలిచింది. తండ్రీ కొడుకులు బండి మీద కందుకూరు వెళ్లారు. గడపలో నిలబడ్డ రాఘవేందర్‌ని ఆమె కిందికీ పైకీ చూసి, "ఎవలు కావాలె బిడ్డా?" అంది.

"నేనమ్మా, రాఘవేందర్‌ని."

"నువ్వేనా? ఏడ్సుకుంట చూసిన గదా, నవ్వుకుంట ఉంటే గుర్తువట్టరాలే" అని లోపలికి తీసుకెళ్లింది. నాటుకోడి కూర వండింది. ఈశ్వరయ్య తను తెచ్చిన టమాటలు దించితే, అవి బాగా పండలేదని వంక పెట్టింది. ఎకరానికి ఎన్ని బుట్టలు దిగుతాయన్న దగ్గర మొదలైన వాళ్ల వాదన చాయ్ దాకా నడిచింది.

కొన్ని నెలలకు విమానాశ్రయంలో పరీక్షలు ఎత్తేశారు. కౌంటర్లు పోయాయి. అనుపమకు విజయవాడలో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది. రాఘవేందర్ బడంగ్‌పేట్‌కి తిరిగొచ్చి, కొత్తగా వచ్చిన కాలనీల మధ్య ఓ ల్యాబులో రక్తాలు తీస్తున్నాడు. అమృతమ్మకు షుగరుంది. కందుకూరులోనే పరీక్ష చేసేవాళ్లున్నా, రెండు మూడు నెలలకోసారి బస్సు, ఆటో మారి అతని దగ్గరికే వస్తుంది.

"పరగడుపునే వచ్చిండ్రు గదా అమ్మా?" అని అడుగుతాడు సూది తీస్తూ.

"పరగడుపే బిడ్డా. పొద్దుగాల ఏం తినలే."

"చాయ్ గిట్ల?"

"చాయ్ తాగిన. చాయ్‌ల రెండు రొట్టె ముక్కలు ముంచుకున్న. బస్సుల ఒక జామపండు. అదేమన్న తిండా?"

రాఘవేందర్ సూది మళ్లీ ట్రేలో పెట్టేసి, రేపు రమ్మంటాడు. రేపు అతనికి ఏం వండుకురావాలో కనుక్కుని ఆమె ఆటో ఎక్కుతుంది.